ఐదున్నర గంటల దోషం

హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక సందులో ఉదయ్ కుమార్‌కు కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. బాగుచేయడం అతని రెండో విద్య. మొదటిది మనుషుల్ని ఈసడించుకోవడం. కీబోర్డు మీద టీ ఒలకబోసినవాడు దున్నపోతు, పాస్‌వర్డు మరిచిపోయినవాడు మట్టిబుర్ర, దొంగ విండోస్ వేసిపెట్టమని బతిమాలేవాడు బిచ్చగాడు. ఇక కంప్యూటర్లో టైము తప్పు చూపిస్తోందని ఫోన్ చేసేవాళ్ళంటే అతనికి మరీ చులకన. "లోపల బోర్డు మీద బిళ్ల సెల్లు ఉంటాది. అది పోయింటాది. మార్చుకో పో" అనేసి, అవతలివాళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేసేవాడు.

మనుషుల తర్వాత అతను అంతగా అసహ్యించుకునేది పంచాంగాన్ని. తన పెళ్ళిలో కూడా ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపడుతుంటే, పీటల మీద కూర్చొనే పకపకా నవ్వినవాడు. పెళ్ళికూతురి తండ్రి కదిరప్ప ఆ నవ్వును ఇప్పటికీ మరిచిపోలేదు. కదిరప్పకు ధర్మవరంలో నాలుగు మగ్గాలున్నాయి. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాలన్నా, ఇంటికి కొత్త చీపురు తేవాలన్నా పెనుకొండలో పంచాంగం చెప్పే అయ్యోరికి ఫోన్ చేసి అడిగే మనిషి. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన హరితకు, పెళ్ళయిన కొత్తలో ఉదయ్ ఒక మాట చెప్పాడు. "ఈ తిథులు, నక్షత్రాలు, పిల్లి ఎదురొచ్చింది, బల్లి మీద పడింది, ఇట్లాంటివి మనింట్లో చెల్లవు. అర్థమాయనా?" హరిత తలూపింది. లోపల సంతోషించింది కూడా. వారం వర్జ్యం చూడకుండా గడప దాటగలిగే మొగుడు దొరికాడని స్నేహితురాళ్ళతో గొప్పగా చెప్పుకుంది.

కాన్పుకు హరిత పుట్టింటికి వెళ్ళింది. ఒక రోజు పొద్దున్నే కదిరప్ప ఫోన్ చేశాడు. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. ఉదయ్ అంగడికి తాళం వేసి, స్టేషనుకు పరిగెత్తి, గుంతకల్లు వైపు పోయే ప్యాసింజరు ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చొని, బిడ్డ ఎవరి పోలికో అనుకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ పోతున్నాడు. అంత మెత్తగా అతని మొహం ఎప్పుడూ లేదు. ఎదురు సీటులో వేరుశనక్కాయలు వలుచుకుంటున్న ముసలమ్మకు కూడా తనంతట తానే చెప్పాడు, ఆడపిల్ల పుట్టిందని.

పెనుకొండ దగ్గర పడుతుండగా మళ్ళీ కదిరప్ప ఫోన్.

"అల్లుడా, యాడుండావు?"

"రైల్లో మామా. పెనుకొండ వస్తాండాది. ఇంకాసేపట్లో ఆడుంటా."

"రావాకప్పా."

ఉదయ్ సీటులోంచి లేచాడు. "ఏమాయ? హరితకు ఏమన్నా..."

"వాళ్ళకేం కాలేదు. గుండ్రాళ్ళ మాదిరి ఉండారు. గండం నీకప్పా. బిడ్డ అశ్విని ఒకటో పాదంలో పుట్టిండాది. అయ్యోరు ఇప్పుడే చెప్పె. తండ్రి మూణ్ణెల్లు బిడ్డ మొగం చూడకూడదంట. మూణ్ణెల్లయినాక శాంతి చేసి, నూనె గిన్నెలో బిడ్డ నీడ చూసి, ఆమీదటనే ఎత్తుకోవాలంట. నువ్వు పెనుకొండలోనే దిగు. అయ్యోర్ని కల్సి శాంతికి ఏమేం కావాల్నో మాట్లాడుకోని, అట్లే హిందూపురం పో."

"మామా, నీకేమన్నా బుద్ధుండాదా?"

"నాకు లేకపోతే పోనీ. ఇది నోటి మాట కాదు. నర్సింగ్ హోములో కంప్యూటర్ ఇచ్చిన టైము. రాత్రి పన్నెండు నలబైకి పుట్టిందని చీటీలో అచ్చు పడిండాది."

"పొద్దునే కదా నాకు చెప్తివి, ఇప్పుడే పుట్టిందని?"

"మాకు చెప్పింది పొద్దున. రాత్రంతా తలుపు మూసి పెట్టినారు. డాక్టరమ్మ తీరిగ్గా చెప్పింటాది. కంప్యూటర్ అబద్ధం చెప్తాదేమప్పా? నువ్వే కదా ఎప్పుడూ అంటావు, మనిషి తప్పుతాడు, మిషను తప్పదని."

బండి పెనుకొండలో ఆగింది. ఉదయ్ దిగాడు. దిగి ఏం చేయాలో అతనికి బాగా తెలుసు. పోయి ఆ అయ్యోరి పంచాంగాన్ని అయ్యోరి మొహానే కొట్టాలి. ఇంతకాలం ఈ మూర్ఖత్వాన్ని దూరం నుంచి వెక్కిరించాడు. ఇవాళ అది తన బిడ్డకూ తనకూ మధ్యకే వచ్చి కూర్చుంది. దాన్ని వేళ్ళతో పెరికేయాలి. అతను ఇలా పళ్ళు కొరుకుతుండగానే రైలు ధర్మవరం వైపు సాగిపోయింది. ఆటోలో కూర్చున్నాక హరిత ఫోన్ చేసింది. అయ్యోరితో అనబోయే మాటలు మనసులో పేర్చుకుంటున్నాడేమో, ఎత్తలేదు. గెలిచాక చెప్తే బాగుంటుందనుకున్నాడు.

అయ్యోరి ఇల్లు కొండ కింది వీధిలో ఉంది. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, భుజాన తువ్వాలు, ఒళ్ళో లాప్‌టాప్. అది చూడగానే ఉదయ్‌కు ఒళ్ళు మండింది. తాళపత్రాలు ముందేసుకొని కూర్చున్నా కొంత మర్యాద ఉండేది. ఆ లాప్‌టాప్ మూత మీద పసుపు బొట్టు, కుంకుమ.

"రా నాయనా. కదిరప్ప అల్లునివి కదూ? మజ్జిగ తాగుతావా?"

"మజ్జిగ్గాదు స్వామీ, జవాబు కావాల. ఎక్కడో ఆకాశంలో మినుకుమంటాండే చుక్కకు, ధర్మవరంలో పుట్టిన నా బిడ్డకు ఏం చుట్టరికం? ఆ బిడ్డ మొగం చూస్తే నేనెట్ల చస్తా, చెప్పు చూద్దాం."

అక్కడి నుంచి మొదలుపెట్టి భూమి తిరగడం, చంద్రుడు తిరగడం, మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టడం, ఇంకా ఇక్కడివాళ్ళు నూనె గిన్నెలో తొంగి చూస్తుండడం, అన్నీ ఏకరువు పెట్టాడు. అయ్యోరు మజ్జిగ తాగుతూ విన్నాడు. ఇలా వచ్చి అరిచిపోయే అల్లుళ్ళు ఆయనకు కొత్త కాదు.

"నేనెవర్నీ ఆపను నాయనా. మీ మామ టైము చెప్పె, నేను పాదం చెప్తి. ఒక పాదం అంటే ఇంచుమించు ఆరు గంటలు. నీ బిడ్డ తెల్లారి పుట్టింటే రెండో పాదం అయ్యేది. రెండో పాదానికి ఏ దోషమూ లేదు. మరి మీ కంప్యూటరోళ్ళు అర్ధరాత్రి అని ఇస్తిరి."

"కంప్యూటర్ టైము తప్పదు స్వామీ. తప్పేది మీ శాస్త్రం."

"అయితే ఒకటో పాదమే," అన్నాడు అయ్యోరు నింపాదిగా. "ఇదిగో, చీటీ అచ్చవుతూనే, వేడి మీద ఫొటో తీసి పంపె మీ మామ. నువ్వే చూసుకో." ఫోన్ ముందుకు జరిపాడు.

ఉదయ్ ఈసడింపుగానే చూశాడు. బిడ్డ పుట్టిన టైము పన్నెండు నలబై. చీటీ అడుగున చిన్న అక్షరాల్లో, అది అచ్చయిన టైము పన్నెండు యాభై ఐదు. ఫొటో అయ్యోరి ఫోనుకు చేరిన టైము మాత్రం పొద్దున ఆరూ ఇరవై ఐదు. అచ్చవుతూనే పంపిన ఫొటో ధర్మవరం నుంచి పెనుకొండకు రావడానికి గాలిలో ఐదున్నర గంటలు ప్రయాణం చేసిందన్నమాట.

ఐదున్నర గంటలు. అతని మొహంలో రంగు మారింది. అయ్యోరు, "ఏమి నాయనా, ఎండ దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. ఉదయ్ అప్పటికే లేచాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్టాండు వైపు పరిగెత్తాడు.

ఆ ఐదున్నర గంటలు అతనికి బాగా తెలుసు. లోకమంతటికీ లెక్కకు పెట్టుకున్న ఉమ్మడి టైము ఒకటుంది. మన దేశపు గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందు నడుస్తుంది. కంప్యూటర్ ఆర్పేసినా లోపల బోర్డు మీద ఒక చిన్న గడియారం నడుస్తూనే ఉంటుంది. విండోస్ దాన్ని చూసి, ఇది మన ఊరి టైమే అనుకుంటుంది. విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్ లినక్స్. అది అదే గడియారాన్ని చూసి, ఇది ఉమ్మడి టైము అనుకొని తానే ఐదున్నర గంటలు కలుపుకుంటుంది. ఆర్పేటప్పుడు మళ్ళీ ఉమ్మడి టైమునే అందులో రాసి పోతుంది. ఒక్కో కంప్యూటర్ పెట్టెలో ఒక్కటే ఉంటే ఏ గొడవా లేదు. ఒకే పెట్టెలో రెండూ పెడితే మాత్రం, ఒకే పొయ్యి మీది పులుసుకు ఇద్దరు తోడికోడళ్ళు ఒకరికొకరు చెప్పుకోకుండా ఉప్పు వేసినట్టే. రెండింటినీ పెట్టినవాడు వాటిలో ఒకదానికి ఆ సంగతి చెప్పి రావాలి. ఒక్క వరుస ఆదేశం టైపు చేసే పని.

ధర్మవరం నర్సింగ్ హోములోని పెట్టెలో రెండింటినీ పెట్టినవాడు ఉదయ్ కుమారే.

బస్సులో అతను మొదట చేసిన పని, పరులను తిట్టుకోవడం. రాత్రి డ్యూటీ కాంపౌండరు హనుమంతును తిట్టాడు. వాడు పెన్‌డ్రైవులో సినిమాలు తెచ్చి తెచ్చి కంప్యూటర్ నిండా వైరస్ నింపాడు. కదిరప్ప అల్లుడు తెలివైనవాడని విని డాక్టరమ్మ కొన్నాళ్ళ కింద ఇతన్ని పిలిపించింది. వచ్చినవాడు పని చేయడానికి ముందు ఉపన్యాసం ఇచ్చాడు. విండోస్ అంటే చెత్తకుండీ అన్నాడు. బిల్లులూ పుట్టిన చీటీలూ తీసే సాఫ్ట్‌వేర్ అందులో తప్ప నడవదు కాబట్టి దాన్ని ఉండనిచ్చి, దానికి ఇంటర్నెట్ కత్తిరించి, పక్కన లినక్స్ ఎక్కించాడు. సినిమాలకూ ఇంటర్నెట్టుకూ ఇది, బిల్లులకు అది. "ఎద్దులకు గూడా అర్థమయ్యేటట్ల చెప్పినా" అని అక్కడి జనం మొహానే అని, ముక్కు మీద ఈగ వాలనీయకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత రిసెప్షన్లో కూర్చునే నాజియాను తిట్టుకోబోయాడు. అక్కడ తిట్టు కుదరలేదు. ఎందుకంటే నాజియా అతనికి ఫోన్ చేసింది. "అన్నా, పొద్దున విండోస్ తెరిస్తే టైము వెనక్కి పోయింటాది" అంది. ఇతను సెల్లు మార్చమన్నాడు. మార్చి మళ్ళీ చేసింది. మంచి కంపెనీ సెల్లు వేయమన్నాడు. ఎంత వెనక్కి పోతోందమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే, ఐదున్నర గంటలని ఆ అమ్మాయి చెప్పేది, ఫోన్లోనే తేలిపోయేది. అడగలేదు. రిసెప్షన్లో కూర్చునే ఆడపిల్లతో అంతసేపు మాట్లాడటం అతనికి నామోషీ. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడింది. పడ్డాక కూడా, కుడితి తొట్టి మూత వేయలేదని ఇంకెవరినో తిట్టడానికి చూస్తోంది.

నర్సింగ్ హోములో అడుగు పెట్టేసరికి ఎండ నడినెత్తి దాటింది. మెట్ల దగ్గర బల్ల మీద కదిరప్ప కాపలా కూర్చున్నట్టు కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి. లేచి అడ్డం నిలబడాలన్నా ఒకరు పట్టుకోవాలి.

"రావాకంటే వచ్చినావే! నా మాట అంటే నీకు లెక్కలేదా?"

"పైకి పోను మామా. ఈ కంప్యూటర్ చూడాల."

"పోననే మాట గట్టిగా చెప్పు."

"పోను," అన్నాడు ఉదయ్. అని రిసెప్షన్ బల్ల వెనక్కి నడిచాడు.

నాజియా కుర్చీ ఖాళీ చేసి పక్కన నిలబడింది. సొరుగు లాగితే అందులో మూడు బిళ్ల సెల్లులు తళతళలాడుతూ కనిపించాయి. మూడూ బంగారంలా పనిచేసేవే.

"మీరు చెప్పినట్లే మార్చినాం అన్నా. అయినా తెల్లారితే టైము వెనక్కే. అందుకని దినామూ పొద్దున నేను రాగానే టైము సరిచేసి, ఆమీదనే డ్యూటీ మొదలు పెడతా. డాక్టరమ్మ దేవుని పటానికి ఊదొత్తులు ముట్టిస్తాది, నేను గడియారం తిప్పుతా."

"నువ్వు రాకముందు?"

"నేను రాకముందు హనుమంతన్న కదా ఉండేది."

హనుమంతుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. నిద్రలోంచి లేచిన గొంతు. "సినిమా చూస్తాంటి అన్నా. డాక్టరమ్మ వచ్చి ఆడపిల్ల, చీటీ తియ్యి అనె. సినిమా ఆర్పేసి, బిల్లులది తెరిచి, బిడ్డ పుట్టె అని నొక్కితి. టైము అదే ఏసుకునె."

"బయట తెల్లారిండాదా లేదా చూడలేదా నువ్వు?"

"రాత్రి షట్టరు దించింటాం కదన్నా, ఆడ కిటికీ యాడుండాది? కంప్యూటర్లో ఇంకా ఒంటిగంట గూడా కాలే. చానా రాత్రుండాదిలే అని చీటీ ఇచ్చేసి చాప పరుచుకోని పండుకుంటి. నాజియక్క వచ్చి కాలితో తట్టేదాకా మెలకువ రాలేదు."

నాజియా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఉదయ్ నవ్వలేదు. వీడు కంప్యూటర్‌ను నమ్మి నిద్రపోయాడు, మామ కంప్యూటర్‌ను నమ్మి అల్లుణ్ణి తరిమాడు, ఒక్కడికైనా తల పైకెత్తి ఆకాశం చూడాలని తోచలేదే అని అతనికి రోత పుట్టింది. ఆ జాబితాలో తన పేరు వేసుకోవడం మాత్రం మరిచిపోయాడు.

కదిరప్పకు చెప్పి ఒప్పించడం మరో యాతన అయింది.

"ఇప్పుడు నీకు కావాల్సినట్ల టైము తిప్పుకుంటాండావు. అల్లుడివి నువ్వు, కంప్యూటరూ నీదే. ఎట్ల నమ్మేది?"

"నీ చేతి గడియారం ఈడ పెట్టు మామా. నీ కండ్ల ముందరే చూపిస్తా."

కదిరప్ప వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. ఉదయ్ విండోస్ ఆర్పి లినక్స్ తెరిచాడు. అది ఒక్క క్షణం రాత్రి అయినట్టు చూపించి, ఇంటర్నెట్టును అడిగి తెలుసుకొని, వాచీతో సరిపోయింది. దాన్ని ఆర్పి విండోస్ తెరిచాడు. నాజియా పొద్దున తిప్పి సరిచేసిన టైము మాయమై, ఐదున్నర గంటల కిందటి టైము మూలన వచ్చి కూర్చుంది. కదిరప్ప కళ్ళు చికిలించి వాచీ వైపు, తెర వైపు మార్చి మార్చి చూశాడు.

అప్పుడే పైనుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, ఒక్కసారిగా హెచ్చి, మెట్ల మీదుగా కిందికి దిగి వచ్చింది.

"మీ పాపే అన్నా," అంది నాజియా. "పొద్దుట్నుంచి ఈ గొంతే. చానా గట్టి పిల్ల."

ఉదయ్ చేతులు కీబోర్డు మీద ఆగాయి. మెట్లు పది అడుగుల దూరంలో ఉన్నాయి. మామ బల్ల మీద ఉన్నాడు, మెట్ల మీద ఎవరూ లేరు. "ఒక్క నిమిషం. ఇది చూపించేస్తే అయిపాయ," అని, మళ్ళీ లినక్స్ తెరిచాడు.

ఒక్క వరుస కొట్టాడు. బోర్డు మీది గడియారాన్ని ఇకపై మన ఊరి టైముగానే చదువు, మన ఊరి టైముగానే రాయి అని దాని భావం. విండోస్‌లో టైము సరిచేశాడు. ఇది ఆర్పి అది తెరిచాడు, అది ఆర్పి ఇది తెరిచాడు. ఎటు తిప్పినా టైము కదిరప్ప వాచీతో కలిసే నడిచింది. కొన్ని నెలలుగా సెల్లులు మింగిన జబ్బు, ఒక టీ చల్లారేలోపల కుదిరింది.

"మరి అన్నా," అంది నాజియా మెల్లగా, "తెల్లారి పుట్టినోళ్ళు ఇంకా ఉండారు కదా ఈ మధ్య. వాళ్ళ చీటీలు?"

కదిరప్పకు వినపడిందేమోనని ఉదయ్ వెనక్కి చూశాడు. "ఆ సంగతి ఎవరితోనూ ఎత్తాకు," అన్నాడు గొంతు తగ్గించి. నాజియా అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. తానెప్పుడూ అంగడికి వచ్చేవాళ్ళను చూసే చూపు అదేనని అతను పోల్చుకోలేకపోయాడు.

కదిరప్ప పెనుకొండకు ఫోన్ చేశాడు. ఐదున్నర గంటలు కలిపి కొత్త టైము చెప్పాడు. అయ్యోరు లెక్క కట్టాడు. రెండో పాదం. దోషం లేదు, శాంతి లేదు, నూనె గిన్నె అక్కర్లేదు. ముసలాయన మొహం విచ్చుకుంది. పొద్దున కంప్యూటర్ చెప్పిందని అల్లుణ్ణి సగం దారిలో దింపేసిన ఆ నోటితోనే, కంప్యూటర్ చెప్పింది కదా పో అల్లుడా, పో, చూసుకోపో అన్నాడు. పక్కన మందులు కొనడానికి వచ్చినవాళ్ళతో, మా అల్లుడు టైమునే బాగుచేసినాడప్పా అని చెప్పుకున్నాడు.

ఉదయ్ మెట్లెక్కాడు. ఛాతీ ఉబ్బింది. పైన గదిలో అత్త వెంకటమ్మ అల్లుణ్ణి చూసి గతుక్కుమంది. దోషం పోయిందని అతను నవ్వుతూ చెప్తే, వేడినీళ్ళు తెస్తానని వెళ్ళిపోయింది. మంచం మీద హరిత పక్కకు తిరిగి పడుకొని ఉంది. ఆమె పక్కన తెల్ల గుడ్డలో చుట్టిన బిడ్డ, ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయింది. అతనికి మొహం కనిపించలేదు. గుడ్డ మడత అడ్డం ఉంది.

అతను మంచం పక్కన కూర్చొని అంతా చెప్పాడు. అయ్యోరిని ఎలా కడిగేశాడో, చీటీలో దొంగను ఎలా పట్టుకున్నాడో, హనుమంతు ఎంత వెధవో, మామ ఎలా నోరు మూసుకున్నాడో. ఒకే పెట్టెలో ఆ రెండింటినీ పెట్టింది ఎవరన్న సంగతిని మాత్రం కాస్త వేగంగా దాటించాడు. 

"అయిపాయనా?" అంది హరిత చివరికి.

"అయిపాయ. బిడ్డ పుట్టింది పొద్దున ఆరూ పదికి. ఇంక ఎవుడూ కాదనలేడు."

"నాకు తెల్సు."

"ఎట్ల?"

"కన్నది నేను కదా. కిటికీలోంచి ఎదురింటి మిద్దె మీద ఎండ కనపడె. నర్సమ్మ లైటు గూడా ఆర్పేసె, వెలుతురుండాదిలే అని. నాయనకు చెప్తి. నువ్వు నొప్పుల మత్తులో ఉంటివి, నీకేం తెల్సు అనె."

"మరి నాకు చెప్పకపోతివే!"

"ఫోన్ చేస్తి. తీయలేదు. నువ్వన్నా అడిగినావా?"

ఉదయ్ ఫోన్ తీసి చూసుకున్నాడు. "ఇప్పుడు రుజువాయె కదా," అన్నాడు.

"రుజువు కాకపోయింటే?" హరిత మెల్లగా లేచి గోడకు ఆనుకొని కూర్చుంది. "అది నిజంగానే రాత్రి పుట్టింటే? ఒకటో పాదమే అయ్యింటే? ఈ మెట్లెక్కి వచ్చిండేవాడివా?"

"నేను అవన్నీ నమ్మేవాణ్ణా? నీకు తెలీదా?"

"తెల్సు. అందుకే పొద్దున నాయన నిన్ను రావద్దని ఫోన్లో చెప్తాంటే నవ్వుకుంటి. ఈయన ఎంత అరిచినా ఆ మనిషి ఆగడులే, నేరుగా వచ్చేస్తాడులే అనుకుంటి. రైలు వచ్చే టైముకు బిడ్డకు మొగం తుడిచి, బొట్టు పెట్టి, నువ్వొచ్చే దిక్కుకు తిప్పి పండుకోబెట్టుకోని తలుపు దిక్కే చూస్తాంటి." ఆమె గొంతు పెంచలేదు. "రైలు పాయ. ఆ బొట్టు గూడా చెరిగిపాయ. కింద నీ గొంతు వినపడె. ఇంగ ఎక్కుతాడు, ఇంగ ఎక్కుతాడు అనుకుంటి. బిడ్డ ఏడ్చె. నువ్వు కంప్యూటర్ కాడనే ఉంటివి."

"ఆ తప్పు పట్టుకోకపోతే మీ నాయన..."

"నాయన భయపడె. ఆయన నమ్ముతాడు కాబట్టి భయపడె. నువ్వు నమ్మవు కదా." హరిత అతని కళ్ళలోకి చూసింది. "హిందూపురం నుంచి ఈడికి నేరుగా రైలుండాది. పెనుకొండలో ఏంటికి దిగితివి?"

 భూమి తిరగడం, చంద్రుడు తిరగడం, అయ్యోరి ముందు గుక్క తిప్పుకోకుండా చెప్పినవన్నీ అతనికి నోటి దాకా వచ్చాయి. ఒక్కటీ ఈ ప్రశ్నకు పనికొచ్చేది కాదు. రైలు ఆగిన ఆ అర నిమిషంలో తనను దింపిందేమిటో అతనికి ఇప్పుడు తెలిసింది. అది కోపం కాదు. మామ చెప్పిన గండమంటే భయం.

హరిత బిడ్డను రెండు చేతులా ఎత్తి అతని ఒళ్ళో పెట్టింది. మొహానికి అడ్డంగా ఉన్న గుడ్డ మడత తనే తొలగించింది.

"చూడు," అంది. "ఇప్పుడు టైము బాగుండాది."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.